చేతికి ఏసెస్ వస్తే దాచుకోవాలా, రేజ్ చేయాలా?

పోకర్‌లో, అదే చేతికి రెండు ముక్కలిచ్చి మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు తెరిచే హోల్డెమ్‌లో, ఏసెస్ (రెండు ఆసులు), కింగ్స్ లాంటి ముక్కలు వచ్చినప్పుడు ఎంత రేజ్ చేసినా (పందెం పెంచినా) ముగ్గురు నలుగురు కాల్ చేసి (అంతే పందెం కట్టి) వచ్చేస్తున్నారు, చివరికి ఎవరో ఒకరు రెండు జతలు చూపించి పాట్ (మధ్యలో పోగైన పందెం) పట్టుకుపోతున్నారు, ఈ మాత్రానికి రేజ్ చేయడం ఎందుకు, మామూలుగా కాల్ చేసి దాచుకుంటే మేలు కదా అని మీరు అడిగారు. మేలు కాదండి. ఈ విషయంలో నేను గట్టిగా దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక మాట. నేను ఉండేది కూకట్‌పల్లిలో. తెలంగాణలో పందెం కాసి పేకాడటం నేరం, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించాక రమ్మీకి కూడా మినహాయింపు లేదు. అందుకే ఇక్కడ శనివారాలు ఫ్రెండ్ వాళ్ల ఫ్లాట్‌లో ఉత్త చిప్స్‌తోనే (ఆట బిళ్లలతోనే) ఆడుకుంటాం, డబ్బుతో ఆడాలంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు గోవా వెళ్తాం.

మొదటిసారి వెళ్లినప్పటి సంగతి. మాండవి నది మీద క్యాసినో ఓడ, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) స్మాల్ 100, బిగ్ 200, నా ముందు 20 వేల చిప్స్. ముక్కల మూలలు ఎత్తి చూస్తే ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు. గుండె దడదడలాడింది. నాకన్నా ముందు ఇద్దరు 200 చొప్పున కాల్ చేసి ఉన్నారు. నేను వెయ్యి చిప్ ఒకటి తీసి ముందుకు తోశాను, నా లెక్కలో అది వెయ్యికి రేజ్, కానీ టెన్షన్‌లో నోటితో "రేజ్" అనలేదు. పెద్ద చిప్ ఒక్కటే పెట్టి ఏమీ అనకపోతే లైవ్‌లో (ఎదురెదురుగా కూర్చుని ఆడే టేబుల్‌లో) అది కాల్ కిందే లెక్క. డీలర్ 800 వెనక్కి ఇచ్చేశాడు. నా తర్వాత ఇంకొకాయన 200 పెట్టాడు, స్మాల్ బ్లైండ్ మిగతా వంద వేశాడు, బిగ్ బ్లైండ్ చెక్ (ఇంకేమీ పెట్టను) అన్నాడు. ఆరుగురం, పాట్ 1,200. ఫ్లాప్ (మధ్యలో ముందుగా తెరిచే మూడు ముక్కలు) కళావరు తొమ్మిది, కళావరు ఎనిమిది, డైమన్ ఐదు. నా వరకు అందరూ చెక్, నేను వెయ్యి పెట్టాను, బిగ్ బ్లైండ్ మూడున్నర వేలు చేశాడు, నేను క్షణం కూడా ఆగకుండా ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టేస్తున్నా) అన్నాను. ఆయన దగ్గర తొమ్మిది, ఐదు, ఫ్లాప్‌తో కలిపి రెండు జతలు. తర్వాతి రెండు ముక్కలు నాకు పనికిరానివే, 20 వేలూ పోయాయి.

నేను కావాలని చేయలేదు గానీ, మీరు దాచుకుని ఆడదాం అంటున్నది అచ్చం ఇదే ఆట. తొమ్మిది-ఐదుతో ఆ మనిషి వెయ్యికి కాల్ చేసేవాడు కాదు, నేనే ఆయనకు ఉచితంగా ఫ్లాప్ చూపించాను. మనకు ఈ దాచుకునే అలవాటు తీన్ పత్తి నుంచి వచ్చిందని నా నమ్మకం. దీపావళి రాత్రి తీన్ పత్తిలో మూడు ఆసులు పడితే కిమ్మనకుండా కూర్చోవడమే తెలివి, ఎందుకంటే అక్కడ చేతికొచ్చిన ముక్కలే ఆఖరు. హోల్డెమ్‌లో ఇంకా ఐదు ముక్కలు రావాలి, అప్పటిదాకా మీది ఒక్క జత మాత్రమే. ఏవో ముక్కలున్న ఒక్కరి మీద ఏసెస్ 85 శాతం గెలుస్తాయి, ముగ్గురి మీద 64, ఐదుగురి మీదైతే 49.

అలాగని నలుగురు కాల్ చేశారని బాధపడకండి, మీ ప్రశ్నలో నాకు తప్పనిపించింది అదే. తలా వెయ్యి పెట్టి నలుగురు వస్తే పాట్‌లో మీ డబ్బు ఐదో వంతు, గెలిచే అవకాశం మాత్రం సగానికి పైనే. ఓడిన చేతులు (ఆటలు) ఎక్కువే గుర్తుంటాయి, కానీ లెక్క మీ వైపే ఉంది. వాళ్లు రావడం నష్టం కాదు, డబ్బు కట్టకుండా రావడం నష్టం.

ఎంత రేజ్ చేయాలంటే, లైవ్‌లో నేను బిగ్ బ్లైండ్‌కు నాలుగైదు రెట్లు, ముందు కాల్ చేసి ఉన్న ఒక్కొక్కరికి ఇంకో రెట్టు కలుపుతాను. 200 బ్లైండ్‌లో ఇద్దరు కాల్ చేసి ఉంటే 1,400. ఆ టేబుల్‌లో దానికీ అందరూ కాల్ చేస్తుంటే 1,800 పెట్టండి. ఏసెస్‌కు ఒక సైజు, ఏస్-కింగ్‌కు ఒక సైజు అని మాత్రం పెట్టుకోకండి, గమనించేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. చిప్స్ ముట్టుకునే ముందే "రేజ్, 1,400" అని నోటితో అనండి. మీ వంతు వచ్చేదాకా ముక్కలు చూడకండి, మంచి ముక్క చూడగానే నిటారుగా కూర్చునే అలవాటు చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది.

అసలు కష్టం ఫ్లాప్ తర్వాత వదిలేయడంలో ఉంది. లైవ్ టేబుల్‌లో గంటకు 25, 30 చేతులకు మించవు, ఏసెస్ వచ్చేది సగటున 221 చేతులకు ఒకసారి, అంటే ఏడెనిమిది గంటలు కూర్చుంటే ఒక్కసారి. అంతసేపు ఎదురుచూసిన ముక్కను పారేయడానికి చెయ్యి రాదు. రెండో ట్రిప్‌లో నాకు కింగ్స్ వచ్చాయి, 1,400కు ఇద్దరు కాల్, ఫ్లాప్ క్వీన్, ఏడు, రెండు, మూడూ వేర్వేరు గుర్తులవి. నేను బెట్ చేస్తే ఒకాయన కాల్ చేశాడు. రెండు గంటలుగా టీ తాగుతూ ఒక్క రేజ్ కూడా చేయని మనిషి, టర్న్‌లో (నాలుగో ముక్క తెరిచాక) నా బెట్ మీద మూడింతలు పెట్టాడు. చాలాసేపు ఆలోచించి పారేశాను. ఆయన ఏడుల జత తిప్పి చూపించాడు, ఫ్లాప్‌లోనే సెట్ (మూడు ఏడులు) అయిపోయింది. అలా నెమ్మదిగా ఉండే మనిషి టర్న్‌లో రేజ్ చేస్తే నమ్మండి. అదే ప్రతి చేతిలో రేజ్ చేసే కుర్రాడైతే నేను కాల్ చేసేవాణ్ని.

మిగతావి క్లుప్తంగా. ఎవరైనా ముందే రేజ్ చేసి ఉంటే ఏసెస్, కింగ్స్‌తో ఎప్పుడూ రీ-రేజ్ (ఆ రేజ్ మీద మళ్లీ రేజ్). క్వీన్స్, ఏస్-కింగ్‌తో చాలావరకు అంతే, కానీ ఏస్-కింగ్‌కు ఫ్లాప్‌లో మూడింట రెండుసార్లు జత పడదు. జాక్స్‌కైతే సగం కన్నా ఎక్కువసార్లు ఫ్లాప్‌లో పెద్ద ముక్క వస్తుంది, నమ్మకంగా ఆడేవాడి రేజ్‌కు నేను కాల్‌తోనే ఆపేస్తాను.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఒకటి చేసి చూడండి. రెండు ఆసులు తీసి మీ ముందు పెట్టుకుని, మిగతా 50 ముక్కలు బాగా కలిపి ఐదుగురికి రెండేసి పంచి, ఐదు ముక్కలు మధ్యలో తెరిచి ఎవరు గెలిచారో రాసుకోండి. మేం ఒక శనివారం యాభైసార్లు చేశాం, ఆసులు దాదాపు సగం ఓడిపోయాయి. తర్వాత ఒక్కరికే పంచి మళ్లీ యాభైసార్లు చేయండి.