లోతైన క్వారీలో నిచ్చెన పెట్టించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త క్వారీలో పర్యవేక్షణ నీకు అప్పగించారనీ, అడుగు బెంచికి, అంటే రాయి తీస్తూ మెట్లలా చెక్కిన అంతస్తుల్లో అన్నిటికంటే కిందిదానికి, దిగడానికి నిచ్చెన తప్ప మరో దారి లేదనీ రాసిన నీ ఉత్తరం అందింది. ఆ నిచ్చెనను ఎలా బాగుచేయించాలని అడిగావు. అది చెబుతాను గాని, అంతకంటే ముందు ఒక ప్రశ్నకు నీ దగ్గర జవాబు ఉండాలి. అడుగున పనిచేస్తున్న మనిషికి కాలు విరిగితే అతణ్ణి పైకి ఎలా తెస్తావు? కాళ్లూ చేతులూ సరిగా ఉన్నవాడికే నిచ్చెన దారి అవుతుంది. దెబ్బతిన్నవాడికీ, కళ్లు తిరిగినవాడికీ, స్ట్రెచర్ మోస్తున్నవారికీ అది గోడతో సమానం.

అందువల్ల యజమానితో మొదట మాట్లాడవలసింది ర్యాంపు గురించి, అంటే కిందికి దిగే వాలు దారి గురించి. ర్యాంపు కింద మంచి రాయి చిక్కుకుపోతుందని ఆయన అంటాడు, అందులో నిజం లేకపోలేదు. అయితే క్వారీ లోతు పెరిగేకొద్దీ ర్యాంపుకు కావలసిన చోటు, ఖర్చు రెండూ పెరుగుతాయి కాబట్టి ఈ మాట ఎంత త్వరగా కదిపితే అంత మంచిది. ర్యాంపు వేసినా, బండ్లు నడిచే దారిలోనే మనుషుల్ని నడవనీయకుండా మధ్యలో మట్టికట్ట పోయించి నడకదారి వేరు చేయించు. ర్యాంపుకు బొత్తిగా చోటు లేకపోతే, ఇరువైపులా పట్టుకమ్ములున్న ఇనుప మెట్లదారి అడుగు. ఈ రెండూ కుదరవని తేలిన చోట, కొద్దిమంది ఎప్పుడో ఒకసారి దిగే పనికి మాత్రమే నిచ్చెనను ఒప్పుకో. రోజూ గుంపుగా దిగి ఎక్కే పనికి ఒప్పుకోవద్దు.

ఇక నిచ్చెన సంగతి. ఆనించే నిచ్చెన అయితే, పైన ఆనే చోటు 4 మీటర్ల ఎత్తులో ఉంటే కింది కాళ్లు గోడకు 1 మీటరు దూరంలో ఉండాలి. అంతకంటే నిటారుగా పెడితే మనిషి వెనక్కి పడతాడు, మరీ వాల్చితే కాళ్లు జారిపోతాయి. రెండు నిచ్చెనలను బైండింగ్ వైరుతో కట్టి పొడుగు చేసినదాన్ని చూసిన రోజునే ముక్కలు చేయించు, ఎందుకంటే పక్కన పడేసినదాన్ని ఎవరో ఒకరు మళ్లీ తెచ్చి పెడతారు. బండకు బిగించిన నిలువు నిచ్చెన అయితే, అడుగు నుంచి అంచు వరకు ఒకే వరుసగా ఉండనివ్వవద్దు. సుమారు 6 మీటర్లకొక విశ్రాంతి అరుగు వేయించి, ఒక వరుస ఎడమకు, తరువాతి వరుస కుడికి జరిగేలా పెట్టించు. 6 మీటర్ల నుంచి పడిన మనిషి నేలను తాకేసరికి గంటకు దాదాపు 39 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. అరుగులు లేని పొడవాటి నిచ్చెనపై చేయి జారితే ఏమవుతుందో దీన్నిబట్టే ఊహించవచ్చు. నిచ్చెన చుట్టూ ఇనుప వలయాలు ఉన్నాయి కదా అని ధైర్యపడకు, అవి పడేవాణ్ణి ఆపవు.

నిచ్చెనపై అన్నిటికంటే ప్రమాదమైన చోటు నడిమి కాదు, పై అంచు. మెట్లు వదిలి నేల మీద అడుగు పెట్టే క్షణంలో చేతికి పట్టు దొరకకపోతే మనిషి గడ్డినో, మట్టిపెళ్లనో, ఎవరి చేతినో పట్టుకుంటాడు. అందుకని పక్క కమ్ములు రెండూ అంచుకు పైన కనీసం 1 మీటరు లేచి ఉండాలి, రెండిటినీ విడివిడిగా గట్టి బండలో దింపిన యాంకర్లకు కట్టాలి. మట్టిలో దిగ్గొట్టిన గునపానికి కట్టిన నిచ్చెన ఒక్క వానకు వదులవుతుంది. అంచు మీది మట్టి పొరను బండ కనిపించేదాకా వెనక్కి తోడించి, చదును చేయించి, చుట్టూ కంచె వేయించు. నిచ్చెన దగ్గర మాత్రం దానంతటది మూసుకునే తలుపు ఉండాలి.

ప్రతి ఉదయం ఎవరూ దిగకముందే నువ్వే వెళ్లి చూడు. ఇనుప నిచ్చెన అయితే మెట్టు, కమ్మి కలిసే వెల్డింగు దగ్గర వేలితో తుడిచి చూడు. వెంట్రుకంత సన్నని ఎర్రటి తుప్పు గీత కనబడితే లోపల పగులు పట్టిందనే అనుకో. నీళ్లు నిలిచే అడుగు భాగాన్నే తుప్పు ముందు తినేస్తుంది, కాబట్టి అక్కడ మోకాళ్లు వంచి కూర్చుని మరీ చూడాలి. కొయ్య నిచ్చెనకు రంగు వేయించవద్దు, పగుళ్లు రంగు కింద దాగుతాయి. బ్లాస్టింగు, అంటే మందు పెట్టి బండను పేల్చడం, జరిగిన ప్రతిసారీ, పెద్ద వాన వెలిసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. నిచ్చెన పైనున్న బండముఖంలో వదులు రాళ్లు ఉంటే, అనుభవమున్న మనిషికి తాడు కట్టి పైనుంచే గునపంతో దింపించు. 20 మీటర్ల ఎత్తు నుంచి జారిన రాయి గంటకు దాదాపు 70 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది, ఆ దెబ్బకు హెల్మెట్ ఆగుతుందని నమ్మవద్దు. అందుకే బండ్లు తిరిగే అంచు కింద నిచ్చెన పెట్టనే కూడదు. ఒకరు నిచ్చెనపై ఉండగా రెండోవాడు దాని కింద నిలబడకూడదు.

ఎక్కేవాడి ముఖం నిచ్చెన వైపే ఉండాలి, రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ నిచ్చెనను అంటి ఉండాలి. చేతిలో డ్రిల్ రాడ్డు పట్టుకుని దిగేవాడికి అది సాధ్యం కాదు గనుక పనిముట్లన్నీ తాడుతో వేరుగా దింపించు, అవి దిగేటప్పుడు కింద ఎవరూ లేకుండా చూడు. బూట్ల అడుగున బంకమట్టి అంటుకుని ఉంటే గీకించకుండా మొదటి మెట్టు ఎక్కనివ్వకు.

హార్నెస్ (పడకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు) ఇచ్చామని యజమాని అంటే, దాని కొక్కెం దేనికి తగిలిస్తున్నారో చూడు. నిచ్చెన మెట్టుకు తగిలిస్తే, నిచ్చెన పడినప్పుడు మనిషీ దానితోపాటే పడతాడు. నిచ్చెనకు సంబంధం లేని యాంకరు నుంచి పైనుంచి కిందకి వేలాడే నిలువు తాడు, దానిపై జారుతూ కుదుపు వస్తే బిగిసే పట్టీ ఉండాలి. మనిషి పడి హార్నెస్‌లో కదలకుండా వేలాడుతుంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. బయటి నుంచి సాయం వచ్చేదాకా ఆగే వీలు ఉండదు.

బ్లాస్టింగు వేళల్లో మరో లెక్క కూడా చూసుకో. ఒక్కొక్కరే ఎక్కవలసిన నిచ్చెన మీదుగా అడుగునున్న వారందరూ బయటపడటానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలువు. మందు కూరడం మొదలయ్యే ముందే ఆ పనికి అవసరం లేనివారందరూ పైకి వచ్చేయాలి, పైన తలలు లెక్కపెట్టాకే తరువాతి పని. కూరినవారికి వెనక్కి రావడానికి రెండో దారి లేకపోతే ఆ రోజు పేల్చవద్దు.

వచ్చే సోమవారం పని మొదలుపెట్టమంటున్నారని రాశావు. అంతకు ముందే ఒక పూట కేటాయించి, మనిషంత బరువున్న ఇసుక బస్తాను స్ట్రెచరుకు కట్టి, అడుగు నుంచి పై అంచుకు నీ మనుషులతోనే తెప్పించు. తాడు ఎక్కడ బండకు ఒరుసుకుంటోందో, కప్పీ ఎక్కడ చాలడం లేదో, పైనున్నవారి కేక కిందికి వినబడుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది. బస్తా పైకి చేరకపోతే ఆ సంగతి తేదీతో రిజిస్టరులో రాసి, యజమానితో సంతకం చేయించి, దారి సరిచేసేదాకా ఎవరినీ దించకు. ఆ బస్తా ఎలా వచ్చిందో నాకు వెంటనే రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న