బ్రూక్లిన్ వంతెన ‘ఒక్క వేలు’ కథ నిజమేనా?

"బ్రూక్లిన్ వంతెన కట్టిన ఇంజినీరుకి ఒళ్ళంతా చచ్చుబడి ఒక్క వేలే కదిలేదట. ఆ వేలితో భార్య చేతి మీద తడుతూ 13 ఏళ్ళు సూచనలిచ్చాడట. వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?" అని అడిగారు.

వేలు కథ శుద్ధ అబద్ధం. అసలు జరిగింది మాత్రం దానికంటే బాగుంటుంది.

నేను దీన్ని మొదట విన్నది ఇంటర్‌లో. ఎంసెట్ ముందు మోటివేషన్ క్లాసు పెట్టి చెప్పారు, మేమంతా చప్పట్లు కొట్టాం. ఇప్పుడు న్యూజెర్సీలో సివిల్ ఇంజినీరుని. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా, న్యూయార్క్‌లో మన్‌హట్టన్‌ని బ్రూక్లిన్‌తో కలిపే ఆ వంతెన మీదికి తీసుకెళ్ళాల్సిందే. మొన్న మా మావయ్య సగం దూరం నడిచాక ఆగి, "ఏరా, ఇంతకీ కుడిచేతి వేలా, ఎడమచేతి వేలా?" అన్నాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

ఆ ఇంజినీరు పేరు వాషింగ్టన్ రోబ్లింగ్. కొన్ని ఫార్వర్డ్‌లలో చెప్పినట్టు ఆయనా, ఆయన తండ్రీ ఒకే ప్రమాదంలో చిక్కుకోలేదు. వంతెన డిజైన్ చేసిన తండ్రి జాన్ రోబ్లింగ్ 1869 జూన్‌లో, పని మొదలవకముందే, రేవులో నిలబడి సర్వే చేస్తుండగా ఫెర్రీ వచ్చి గుద్దుకుని ఆయన పాదం నలిగిపోయింది. వేళ్ళు తీసేశారు. ఆ తర్వాత డాక్టర్ల మాట వినకుండా నీళ్ళ వైద్యం చేసుకున్నాడు మహానుభావుడు. ధనుర్వాతం వచ్చి జూలై 22న పోయాడు. భారమంతా 32 ఏళ్ళ కొడుకు వాషింగ్టన్ మీద పడింది. పని మొదలైంది 1870 జనవరిలో.

వాషింగ్టన్‌ని పడగొట్టింది పునాది. ఈస్ట్ రివర్ అడుగున పునాది తవ్వాలంటే నీళ్ళు రాకూడదు. అందుకని అడుగు లేని పెద్ద చెక్క పెట్టెని (కెయిసన్ అంటారు) నదిలోకి దించి, లోపలికి గాలిని ఒత్తిడితో పంపేవారు. బ్రూక్లిన్ వైపు పెట్టె 168 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు. కూలీలు లోపల మట్టి తవ్వుతుంటే పైన రాతి కట్టడం బరువుకి అది దిగుతూ పోయేది. అటువైపు 44 అడుగుల లోతుకే సరిపోయింది. మన్‌హట్టన్ వైపు 70 దాటినా రాయి తగల్లేదు. అంత లోతునుంచి గబగబా పైకి వస్తే, గోలీసోడా కొట్టినట్టు రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. కీళ్ళు మెలిపెట్టే నొప్పులు, పక్షవాతం. కారణం అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. ముగ్గురు కూలీలు చనిపోయాక 78 అడుగుల దగ్గర వాషింగ్టన్ ఆపేయమన్నాడు. వంతెన కేబుళ్ళని మోసే ఆ వైపు టవరు ఇసుక నేల మీదే లేచింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే గుండె ధైర్యం కావాల్సిన నిర్ణయం అదే. ఇప్పటి నిర్మాణ నియమాల (కోడ్) పుస్తకాలు చేతిలో పెట్టుకుని కూడా నేనైతే సంతకం చేయడానికి వణుకుతాను.

1872లోనే వాషింగ్టన్ కూడా మంచం పట్టాడు. నొప్పులు, చూపు మందగించడం, నలుగురితో మాట్లాడితే నరాలు తట్టుకోలేకపోవడం. అంతే కానీ మాట పోలేదు, చేతులు పడిపోలేదు. బతుకుతానో లేదోనని ఆ చలికాలమంతా కూర్చుని, మిగిలిన పనికి సూచనలు పేజీలకు పేజీలు రాశాడు. తర్వాత బ్రూక్లిన్‌లో కొలంబియా హైట్స్ వీధిలోని ఇంటి కిటికీ నుంచి దుర్భిణితో పని చూసేవాడు. 1926 దాకా బతికాడు. 84వ ఏట మళ్ళీ తమ కుటుంబపు వైరు కంపెనీ పగ్గాలు కూడా పట్టుకున్నాడు! ఒక్క వేలు మనిషి చేసే పనులా ఇవి?

భార్య ఎమిలీ వేలి దెబ్బలు లెక్కపెడుతూ కూర్చోలేదు. కేబుల్ వంపు లెక్కలు, మెటీరియల్ బలాలు నేర్చుకుంది. సైటుకి వెళ్ళేది, ఇంజినీర్లతో, కాంట్రాక్టర్లతో తనే మాట్లాడేది. 1883లో వంతెన తెరవడానికి ముందే బండి మీద మొదట దాటింది కూడా ఆమే, విజయానికి గుర్తుగా ఒళ్ళో కోడిపుంజుని పెట్టుకుని.

ఇక ఏ ఫార్వర్డ్‌లోనూ రాని సంగతి వైరు మోసం. రోబ్లింగ్‌లకి సొంత వైరు ఫ్యాక్టరీ ఉన్నా వంతెన కేబుళ్ళ వైరు కాంట్రాక్టు లాయిడ్ హేగ్ అనే ఆయనకి దక్కింది. ఇన్‌స్పెక్షన్‌లో పాసైన వైరు చుట్టలు దారిలో మాయమై, ఫెయిలైనవి వంతెన దగ్గరికి చేరేవి. పాసైనవే తిరిగి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవి. (మన సిమెంటు కాంట్రాక్టులు చూసినవాళ్ళకి కొత్తేం కాదు.) 1878లో బయటపడేసరికి చెడ్డ వైరు కేబుళ్ళలోకి చేరిపోయింది, తీయడం కుదరదు. అవసరానికి ఆరు రెట్ల బలంతో డిజైన్ చేశారు కాబట్టి ఐదు రెట్లయినా మిగులుతుందని లెక్క తేల్చి, ఒక్కో కేబులుకి హేగ్ ఖర్చు మీదే 150 తీగలు అదనంగా వేయించారు. ఆ చెడ్డ వైరు ఇప్పటికీ అందులోనే ఉంది.

మీరెప్పుడైనా వెళ్తే నిశ్చింతగా నడవచ్చు, 2021 నుంచి సైకిళ్ళకి కింద వేరే దారి ఇచ్చారు. ఎమిలీ పేరున టవరుకి ఫలకం ఉంటుంది, సెల్ఫీల హడావిడిలో చాలామంది దాటేసి పోతారు. బ్రూక్లిన్ వైపు దిగితే కొలంబియా హైట్స్ వీధి కూడా నడక దూరమే.