పెంకు దగ్గరే ఆగిపోకు

హనుమకొండ

బిడ్డా,

గుడ్డు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మాట తేటగా ఉంది. కానీ గట్టి పెంకు రావడం వల్లే జంతువులు నేల మీద స్థిరపడ్డాయన్నావు. ఆ మాట తీసెయ్. బల్లుల్లో, పాముల్లో చాలావాటి గుడ్లు మెత్తగా తోలులాగే ఉంటాయి. అసలు పని లోపలి పొరలది.

కప్ప గుడ్లు చెరువు గట్టు వెంట జిగురు ముద్దల్లా కనిపిస్తాయి. నీళ్లు ఎండితే చాలావరకు అవీ ఎండిపోతాయి. కోడిగుడ్డులో పిండం చుట్టూ ఆమ్నియాన్ అనే పొర ఉంటుంది, దాన్నిండా నీళ్లు. చెరువు గుడ్డులోకే వచ్చిందన్నమాట! సొన సంచి తిండి పెడుతుంది. అల్లంటోయిస్ అనే సంచి మలినాలను దాస్తుంది. పక్షి పిండం వాటిని ఎక్కువగా యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి పిండానికి హాని తక్కువ. ఇదే సంచి, బయటి పొర కోరియాన్‌తో కలిసి, పెంకు లోపలివైపు రక్తనాళాలను పరుస్తుంది. పెంకులోని వేల సన్న రంధ్రాల గుండా గాలి ఆడేది వాటికే. ఎముకలకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం పిల్ల పెంకు నుంచే తీసుకుంటుంది. ఇది నాకు ఎప్పుడు చదివినా అబ్బురమే. దీనికి రెండు పేరాలైనా ఇవ్వు. మనం పుట్టకముందు తేలిన ఉమ్మనీరు కూడా ఆమ్నియాన్‌లోదేనని తప్పక చెప్పు, అక్కడ పాఠకుడు లేచి కూర్చుంటాడు.

"నేల మీదికి రావాలని గుడ్డును తయారు చేసుకున్నాయి" అనకు. పరిణామానికి ముందుచూపు లేదు. పొరలున్న గుడ్లు పొడి చోట ఎక్కువగా బతికాయి, వాటి సంతతి నిలిచింది. అంతే రాయి.

ఇలాంటి పొరల గుడ్డు ఎప్పుడు వచ్చిందో చెప్పే కాలాల దగ్గర జాగ్రత్త. కెనడాలోని జాగిన్స్‌లో చెట్టు మొద్దుల్లో దొరికిన హైలోనోమస్ అనే బల్లిలాంటి పాత సరీసృపం వయసు 31 కోట్ల ఏళ్లకు పైనే. 2025లో ప్రకటించిన, ఆస్ట్రేలియాలో దొరికిన సరీసృపంలాంటి జంతువు గోళ్ల పాదముద్రలు 35 కోట్ల ఏళ్లు దాటినవి. అంత పాత గుడ్డు మాత్రం ఒక్కటీ దొరకలేదు, ఎముకలు, అడుగులు చూసి చెబుతున్నదే. ఆ సంగతి దాచకు. సింగరేణి బొగ్గును హైలోనోమస్ కాలానికి ముడిపెట్టావు, అది ఆ తర్వాతి పెర్మియన్ కాలానిది. మన నేల నుంచి ఉదాహరణ కావాలంటే యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్‌ను తీసుకో. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, వెళ్లి చూసి రాయి.

పెంకు పేరా కుదించి, పొరల భాగం పెంచి మళ్లీ పంపు. టెన్షన్ పడకు, తొందరేం లేదు.