లౌడన్ కౌంటీ స్కూల్ బోర్డు ఎన్నిక: పేరు పక్కన పార్టీ లేనప్పుడు ఎవరికి వేయాలి?

ఈ మధ్యే సిటిజన్‌షిప్ వచ్చిందని, వర్జీనియాలో లౌడన్ కౌంటీలో ఉంటున్నారని, పిల్లలిద్దరూ పబ్లిక్ స్కూల్లో చదువుతున్నారని రాశారు. స్కూల్ బోర్డు ఎన్నికలో పేర్ల పక్కన పార్టీ ఉండదట కదా, మరి ఎవరెవరో ఎలా తెలుస్తుంది, ఆ భాగం ఖాళీగా వదిలేద్దామని మీవారు అంటున్నారని చెప్పారు. హెచ్1బి వీసా మీద ఉన్న మీ తమ్ముడి పిల్లలు కూడా అదే స్కూల్లో ఉన్నారు, వాడికి ఓటు లేదు కాబట్టి చేయగలిగింది ఏమీ లేదా అని కూడా అడిగారు.

ఖాళీగా వదలొద్దండి. నేను ఆష్‌బర్న్ వైపు చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. 2023లో బోర్డు మొత్తానికి ఎన్నిక జరిగినప్పుడు ఒక అభ్యర్థి కోసం ఇంటింటికీ తిరిగాను, పోలింగ్ రోజు బయట నిలబడి కాగితాలు పంచాను. అప్పుడు చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. ప్రెసిడెంట్ ఎన్నిక గురించి మన ఇళ్ళలో అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం. కానీ మీ అమ్మాయి వచ్చే ఏడాది ఏ స్కూలుకు వెళ్తుందో, క్లాసులో ఎంతమంది ఉంటారో, దీపావళికి సెలవు ఉంటుందో లేదో తేల్చేది ఈ బోర్డే. మీ ఓటు మీ ఇంటికి ఇంత దగ్గరగా పనిచేసే ఎన్నిక ఇంకొకటి లేదు.

మన ఊళ్ళలో డీఈఓను ప్రభుత్వం వేస్తుంది, ఆయన పోస్టుకూ మన ఓటుకూ సంబంధం ఉండదు. ఇక్కడ అలా కాదు. కౌంటీ స్కూళ్ళన్నిటినీ నడిపే సూపరింటెండెంట్‌ను వెతికి నియమించేది, పని నచ్చకపోతే తీసేసేది స్కూల్ బోర్డు. లౌడన్‌లో బోర్డు సభ్యులు 9 మంది. ఎనిమిది ఎలక్షన్ డిస్ట్రిక్టులకు ఒక్కొక్కరు, కౌంటీ మొత్తానికి కలిపి ఒకరు. డిస్ట్రిక్టులు ఆల్గాంకియన్, ఆష్‌బర్న్, బ్రాడ్ రన్, కటాక్టిన్, డల్లెస్, లీస్‌బర్గ్, లిటిల్ రివర్, స్టెర్లింగ్. ఇళ్ళు ఆష్‌బర్న్ అడ్రస్‌తో ఉన్నా మీ డిస్ట్రిక్టు వేరే కావచ్చు, కాబట్టి ముందు అది చూసుకోండి. వర్జీనియాలో చాలాకాలం స్కూల్ బోర్డులను నియమించేవాళ్ళు. 1992లో చట్టం మారాకే ప్రజలు ఎన్నుకునే వీలు వచ్చింది. వేరే చాలా రాష్ట్రాలవాళ్ళకు ఎప్పటినుంచో ఉన్న హక్కు ఇక్కడ ఆలస్యంగా దక్కింది. అందుకే వాడుకోకుండా వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది.

బోర్డు చేసే పని ఎంత పెద్దదో తెలియాలంటే 2021, 2022 సంగతులు గుర్తు చేసుకుంటే చాలు. 2021లో ఇక్కడి రెండు హైస్కూళ్ళలో ఒకే విద్యార్థి వల్ల లైంగిక దాడులు జరిగాయి. ఆ ఏడాది జూన్ 22న జరిగిన బోర్డు మీటింగ్ ఎంత గొడవగా మారిందంటే, మాట్లాడే కార్యక్రమాన్ని మధ్యలోనే ఆపేసి హాలు ఖాళీ చేయించారు. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ దాడుల విషయంలో స్కూళ్ళు ఎలా వ్యవహరించాయో విచారించిన స్పెషల్ గ్రాండ్ జ్యూరీ రిపోర్టు 2022 డిసెంబరులో బయటికి రాగానే బోర్డు అప్పటి సూపరింటెండెంట్ స్కాట్ జిగ్లర్‌ను తీసేసింది. తరువాత కొత్త సూపరింటెండెంట్‌గా ఆరన్ స్పెన్స్ 2023 సెప్టెంబరులో వచ్చారు. ఆ నవంబరు 7న జరిగిన ఎన్నికలో గెలిచిన 9 మందీ కొత్తవాళ్ళే. 80 వేలకు పైగా పిల్లలున్న, ఏడాదికి 150 కోట్ల డాలర్లకు మించిన బడ్జెట్ ఉన్న వ్యవస్థను పూర్తిగా కొత్తవాళ్ళ చేతుల్లో పెట్టాం. అంత బాధ్యత ఎవరికి ఇస్తున్నామో తెలుసుకోకుండా ఎలా ఉంటాం చెప్పండి.

మన వాళ్ళకు బోర్డు గుర్తొచ్చేది మాత్రం బౌండరీలు మార్చినప్పుడే. సౌత్ రైడింగ్, ఆల్డీ, బ్రాంబుల్టన్ వైపు ఇళ్ళు కట్టే కొద్దీ స్కూళ్ళు నిండిపోతాయి, కొత్త స్కూలు కట్టినప్పుడల్లా మ్యాప్ మళ్ళీ గీస్తారు. ఏ వీధి ఏ స్కూలుకో ఓటు వేసి ఖరారు చేసేది బోర్డు. మా కమ్యూనిటీకి ఆ వంతు వచ్చినప్పుడు ఒక ప్లాన్‌లో గీత మా వెనక రోడ్డు మీదుగా పోయింది. వాట్సాప్ గ్రూపులో ఆ మ్యాప్ పడిన రాత్రి ఎవరూ నిద్రపోలేదు. రెండో రోజుకు ఒకే ఈమెయిల్‌ను పేరు మార్చి అందరూ పంపడం మొదలుపెట్టారు. ‘ఈ స్కూలు చూసే ఇల్లు కొన్నాం, ఇంటి రేటు పడిపోతుంది’ అన్నది అందులో ముఖ్యమైన మాట.

పబ్లిక్ హియరింగ్‌లో ఆ మాట వినీ వినీ బోర్డు సభ్యుల ముఖాల్లో కదలిక లేదు. తరువాత మా వీధి చివర ఉండే ఒక తల్లి లేచింది. విజయవాడ అమ్మాయి, మైకు ముందు చెయ్యి వణుకుతోంది. తన పాప ఇప్పుడు నడిచి వెళ్ళే దారి, కొత్త ప్లాన్ ప్రకారం బస్సు ఎక్కాల్సిన చోటు రెండూ పెద్ద కాగితం మీద గీసి తెచ్చింది. ఆ బస్సు స్టాపుకు చేరాలంటే నాలుగు లేన్ల రోడ్డు దాటాలని, ఆ క్రాసింగ్ దగ్గర పొద్దున ఏడింటికి తీసిన ఫోటో చూపించింది. ఇంటి రేటు ఊసే ఎత్తలేదు. ఇద్దరు సభ్యులు పెన్ను తీసి రాసుకున్నారు. ఒకాయన ఆ క్రాసింగ్ గురించి స్టాఫ్‌ను అక్కడే ప్రశ్న అడిగారు. చివరి మ్యాప్‌లో మా వీధి కదల్లేదు. కానీ రోడ్డు అవతల కమ్యూనిటీ మారింది. అక్కడా మనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ పిల్లలు స్నేహితుల్ని వదిలి వెళ్ళారు. ఎవరో ఒకరు మారక తప్పదు కాబట్టి, ఎవరు మారాలో న్యాయంగా ఆలోచించే మనిషి ఆ కుర్చీలో ఉండాలి. నేను అభ్యర్థిలో మొట్టమొదట చూసేది ఇదే.

బౌండరీలంత గొడవ లేకుండానే జరిగిపోయేది బడ్జెట్. వర్జీనియాలో స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. ప్రాపర్టీ టాక్స్ రేటు పెట్టేది కౌంటీని పాలించే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. స్కూల్ బోర్డు తనకు ఎంత కావాలో లెక్క కట్టి వాళ్ళను అడుగుతుంది. వాళ్ళు ఇచ్చిన దాంట్లో ఎక్కడ ఖర్చు పెట్టాలో, తక్కువ ఇస్తే ఎక్కడ కోయాలో బోర్డు తేలుస్తుంది. ఇది తెలిస్తే అభ్యర్థిని కొలవడం చాలా సులువు. 2023లో మా పక్కింట్లో టీ మీటింగ్ పెట్టి ఇద్దరు అభ్యర్థుల్ని పిలిచారు. ‘సూపర్‌వైజర్స్ మీరు అడిగినంత ఇవ్వకపోతే ముందు ఏది తగ్గిస్తారు?’ అని మాలో ఒకాయన అడిగారు. ఒక అభ్యర్థి ‘నేను గెలిస్తే మీ టాక్స్ తగ్గిస్తాను’ అన్నారు. ఆ పని ఆ పదవిలో జరగదు. రెండో ఆవిడ కాసేపు ఆలోచించి, టీచర్ల జీతాలు, క్లాసు సైజు ముట్టుకోనని, సెంట్రల్ ఆఫీసు పోస్టులూ కొత్త ప్రోగ్రాములూ ముందు చూస్తానని, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చట్టం ప్రకారం కోయలేనివి ఏవో కూడా చెప్పారు. ఆవిడ పార్టీ సంగతి ఆ తరువాత తెలిసింది. నా ఓటు ఆవిడకే పడింది.

మీరు కూడా ఇదే ప్రశ్న అడగండి. ఈమెయిల్ చేసినా చాలామంది జవాబిస్తారు, చిన్న ఎన్నిక కదా. జవాబే ఇవ్వని వాళ్ళు గెలిచాక ఇస్తారని నాకు నమ్మకం లేదు.

పార్టీ విషయానికి వస్తే, బ్యాలెట్ మీద ఉండదు గానీ బయట మాత్రం ఉంటుంది. రెండు పార్టీలూ తమకు నచ్చినవాళ్ళకు మద్దతు ప్రకటిస్తాయి. పోలింగ్ రోజు బయట రంగు కాగితాల మీద అచ్చువేసిన సాంపిల్ బ్యాలెట్లు మీ చేతిలో పెడతారు. అందులో స్కూల్ బోర్డు పేరు కూడా టిక్ పెట్టి ఉంటుంది. గుమ్మానికి 40 అడుగుల లోపల ఎవరూ ప్రచారం చేయకూడదు, కాబట్టి ఆ గీత దగ్గరే అందరూ నిలబడతారు. నేను అక్కడ నిలబడినప్పుడు, ‘మన వాళ్ళు ఎవరైనా ఉన్నారా?’ అని తెలుగులో అడిగి లోపలికి వెళ్ళినవాళ్ళు చాలామంది. పేరు చూసి ఓటు వేయడం నాకు నచ్చదండి. మనవాళ్ళు నిలబడటం మంచిదే, గర్వంగానే ఉంటుంది. అయినా పై ప్రశ్న వాళ్ళనూ అడగాలి. ఎవరు ఎవరికి డబ్బు ఇచ్చారో వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్ సైట్లో చూడొచ్చు. ఒక అభ్యర్థికి విరాళాలన్నీ కౌంటీ బయటినుంచి వస్తుంటే, ఎందుకని నేనైతే అడుగుతాను.

స్కూల్ బోర్డు పోటీల్లో మీకు రెండు వరకు కనబడొచ్చు, మీ డిస్ట్రిక్టుదీ కౌంటీ మొత్తానిదీ. బ్యాలెట్ పొడుగ్గా ఉంటుంది. 2023లో స్టేట్ సెనేట్, డెలిగేట్, షెరిఫ్, సూపర్‌వైజర్లు, కౌంటీ అప్పు తీసుకోవచ్చా అని ఓటర్లను అడిగే బాండ్ ప్రశ్నలు అన్నీ ఒకేసారి వచ్చాయి. లోపల నిలబడి పేర్లు వెతుక్కోకుండా ఇంట్లోనే చూసుకుని చిన్న చీటీ రాసుకెళ్ళండి, తప్పేమీ లేదు. ఎన్నికకు 45 రోజుల ముందునుంచే వెళ్ళి ఓటు వేయొచ్చు కాబట్టి ఆఫీసు రోజున హడావుడి పడక్కర్లేదు. ముందుగా రిజిస్టర్ మాత్రం చేసుకోండి. ఇంకో సంగతి, అభ్యర్థి బ్యాలెట్ మీదికి రావాలంటే 125 మంది ఓటర్ల సంతకాలు కావాలి. ఎవరైనా తలుపు తట్టి సంతకం అడిగితే భయపడకండి, సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ళకే ఓటు వేయాలని కాదు.

పోటీపడి సీటు తెచ్చుకోవాల్సిన థామస్ జెఫర్సన్ హైస్కూల్ (టీజే) గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలనిపించింది. టీజే పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీది. 2020లో అడ్మిషన్ పరీక్ష తీసేసింది ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 2022లో కింది కోర్టులో గెలిచారు, 2023 మేలో అప్పీల్స్ కోర్టులో ఓడారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు కేసు తీసుకోలేదు. లౌడన్ పిల్లలు కూడా అక్కడ చదువుతారు, కానీ ఆ బోర్డును ఎన్నుకునే ఓటు మనకు లేదు. ఫెయిర్‌ఫాక్స్‌లో ఉన్న మన స్నేహితులకు ఉంది. వాళ్ళలో ఎంతోమంది 2019 స్కూల్ బోర్డు ఎన్నికను పట్టించుకోలేదని, ఆ బోర్డే ఏడాది తిరక్కుండా ఇది చేసిందని ఇప్పటికీ బాధపడతారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. లౌడన్‌కు అలాంటిదే సొంతంగా అకాడెమీస్ ఆఫ్ లౌడన్ అనే స్కూలు ఉంది. దాని అడ్మిషన్ల మీద మాట చెల్లేది మాత్రం మన బోర్డుకే.

ఇక మీ తమ్ముడి విషయం. ముందు జాగ్రత్తలు చెబుతాను, ఇవి తేలిగ్గా తీసుకోకూడదు. హెచ్1బి, గ్రీన్ కార్డు, ఏదున్నా సిటిజన్ కానంతవరకు ఓటు వేయకూడదు, ఓటరుగా రిజిస్టర్ కూడా కాకూడదు. డీఎంవీలో లైసెన్స్ కాగితాలు నింపేటప్పుడు సిటిజనా అని అడుగుతారు, తొందరలో అవునని పెట్టేస్తే ఆ తరువాత ఇమ్మిగ్రేషన్‌లో చాలా కష్టం. హెచ్1బి వాళ్ళు అభ్యర్థికి ఒక్క డాలరు కూడా విరాళం ఇవ్వకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు.

వీటిని దాటితే ఆయన చేయగలిగింది చాలా ఉంది. డబ్బు తీసుకోకుండా అభ్యర్థి కోసం వాలంటీరుగా పనిచేయొచ్చు. బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు, పేరెంట్ అయితే చాలు. నేను పైన చెప్పిన విజయవాడ అమ్మాయిది అప్పటికి హెచ్4, అంటే హెచ్1బి వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా. ఆమెకు ఓటు లేదని బోర్డులో ఎవరూ అడగలేదు.

మీటింగులు ఆష్‌బర్న్‌లోని స్కూల్స్ అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్‌లో, మామూలుగా నెలలో రెండు మంగళవారాలు. మాట్లాడాలంటే ముందుగా ఆన్‌లైన్లో పేరు ఇవ్వాలి. రెండు మూడు నిమిషాలే దొరుకుతాయి కాబట్టి రాసుకుని, ఇంట్లో ఒకసారి చదువుకుని వెళ్ళమనండి. ఒకే విషయం, ఒకే వీధి, ఒకే బస్సు అన్నట్టు చెబితే వింటారు. మీవారిని కూడా ఒక మంగళవారం తీసుకెళ్ళండి. మొదటి గంట నిబంధనలతో విసుగ్గానే ఉంటుంది, బడ్జెట్ అంశం వచ్చేదాకా ఆగితే ఎవరు చదువుకుని వచ్చారో, ఎవరు రాలేదో ఆయనకే తెలిసిపోతుంది.