షెడ్డులో దొరికిన పాత చెక్క కెనూ కొనచ్చా?

మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను. కెనడాలోని ఒంటారియోకి వచ్చి ఆరేళ్లయిందని, ఒక రైతు షెడ్డులో 16 అడుగుల పాత చెక్క కెనూ (తెడ్డేసి నడిపే సన్నటి పడవ) చవగ్గా దొరుకుతోందని, పైన కాన్వాస్ చిరిగి లోపల మూడు రిబ్స్ (పక్కటెముకల్లాంటి చెక్క బద్దలు) విరిగి ఉన్నాయని రాశారు. వడ్రంగం రాదు, అయినా కొనచ్చా, కొన్న నాలుగు నెలలకే విసుగొచ్చి మూల పడేస్తానేమో అన్నది మీ సందేహం.

కొనండి. కాకపోతే దాని రెండు కొసలూ బాగా చూసుకుని కొనండి, ఎందుకో చెప్తాను. నేను 2003లో మొదటిది కొన్నాను. అప్పటికి నాకూ వడ్రంగం రాదు. ఇప్పటికి తొమ్మిది బాగుచేశాను. మూడు నా దగ్గరే ఉన్నాయి, మిగతావి వేరేవాళ్ల చేతుల్లో నీళ్ల మీద తిరుగుతున్నాయి.

ముందు ఈ పడవ ఎలా కడతారో తెలిస్తే సగం భయం పోతుంది. బోర్లించిన పడవ ఆకారంలో ఒక అచ్చు ఉంటుంది, దాని మీద అడ్డంగా ఇనుప పట్టీలు ఉంటాయి. ఆవిరిలో మెత్తబడిన సీడార్ అనే తేలికపాటి చెక్క బద్దల్ని ఆ పట్టీల మీదుగా వంచుతారు. అవే రిబ్స్. వాటి మీద నిలువునా నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్న సీడార్ పలకలు పరిచి చిన్న ఇత్తడి మేకులు కొడతారు. మేకు మొన కింద ఉన్న ఇనుప పట్టీకి తగిలి, గాలంలా వెనక్కి తిరిగి మళ్లీ చెక్కలోకే దిగుతుంది. అదే దాని పట్టు. పైన కాన్వాస్ గుడ్డ బిగించి, నేత కళ్లు పూడ్చే ఫిల్లర్ రుద్ది, రంగు వేస్తారు. నీళ్లు ఆపేది ఆ గుడ్డే, చెక్క కాదు. పలకలకీ రిబ్స్‌కీ మధ్య జిగురు ఉండదు. అంటే విరిగిన ముక్కని ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఈ పడవలు కట్టినవాళ్లు బాగుచేసేవాడిని కూడా దృష్టిలో పెట్టుకునే కట్టారని నాకనిపిస్తుంది. ఇన్నేళ్లుగా నన్ను పట్టి ఉంచింది కూడా అదే.

ఈ ఆకారం వాళ్లు కనిపెట్టింది కాదు. అనిషినాబే, అల్గాన్‌క్విన్, పెనాబ్‌స్కాట్ లాంటి ఉత్తర అమెరికా మూలవాసులు బిర్చ్ చెట్టు బెరడుతో, స్ప్రూస్ చెట్టు వేర్లతో కుట్టి, చెట్టు బంకతో అతుకులు పూసి కట్టుకున్న పడవే దీనికి తల్లి. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బెరడు బదులు కాన్వాస్ వాడడం ఊపందుకుంది. కెనడాలో ఫ్రెడరిక్టన్‌లోని చెస్ట్‌నట్ కంపెనీ, మన ఒంటారియోలోనే పీటర్‌బరో కెనూ కంపెనీ వేలకొద్దీ చేశాయి. పీటర్‌బరో వాళ్లది 1961లో మూతపడింది, చెస్ట్‌నట్ 1970ల చివర్లో. మీరు చూసింది వీటిలో ఒకటైతే దానికి తక్కువలో తక్కువ నలభై అయిదేళ్లు ఉంటాయి. ఓల్డ్ టౌన్ కంపెనీదైతే ఇంకో సదుపాయం ఉంది. లోపల కొస దగ్గర వంపు తిరిగి ఉండే కర్ర, అంటే స్టెమ్ మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. పాత తయారీ రికార్డులు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఆ నంబరుతో ఏ రంగులో, ఎప్పుడు, ఎక్కడికి పంపారో తెలుసుకోవచ్చు.

ఇప్పుడు కొసల సంగతి. చాలామంది కెనూని నేల మీద బోర్లించి వదిలేస్తారు. రెండు కొసలూ తడి మట్టిలో ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. అంచు కర్రల చివరలు, కొసన ఉండే చిన్న డెక్కు, స్టెమ్ అన్నీ అక్కడే కలుస్తాయి, కుళ్లేదీ అక్కడే. సన్నటి స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే సంతోషం. తడిసిన రస్క్‌లా దిగిపోతే, రెండు వైపులా అదే పరిస్థితి అయితే, మొదటి పడవగా అది వద్దు. మూడు రిబ్స్ విరగడం అసలు లెక్కలోకే రాదు.

రెండోది, కాన్వాస్ తీసేసి ఎవరైనా ఫైబర్‌గ్లాస్ వేశారేమో చూడండి. వేసినవాళ్లు మంచికే వేశారు, కానీ లోపలికి చేరిన తేమ బయటకి పోలేక చెక్క పాడైపోతుంది. నేను ఒకసారి అలాంటిది కొన్నాను. హీట్ గన్‌తో వేడి చేస్తూ అంగుళం అంగుళం ఊడదీయడానికి ఒక వేసవంతా పట్టింది, ఫైబర్‌తో పాటు సగం పలకలు కూడా లేచొచ్చాయి. మీరు రాసినట్టు గుడ్డ చిరిగి కనిపిస్తోందంటే ఆ బాధ ఉండకపోవచ్చు.

రిబ్ మార్చడం మాత్రం మీరే చేయండి, ఎవరికీ ఇవ్వకండి. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన నాకు నేర్పాడు. సీడార్ బద్దని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పొడుగాటి చెక్కపెట్టె ఒకటి చేసుకుని, గోడ కాగితాలు ఊడదీయడానికి వాడే స్టీమరు గొట్టం అందులో దూర్చి, ఓ అరగంట ఆవిరి పట్టాలి. మూత తీయగానే ఇడ్లీ పాత్ర తెరిచినట్టు ఆవిరి మొహానికి కొడుతుంది, సీడార్ వాసన షెడ్డంతా నిండిపోతుంది. తీసిన అర నిమిషంలో వంచేయాలి, ఆ తర్వాత వంగదు. వేరే అచ్చు అక్కర్లేదు, బోర్లించిన పడవ మీదే వంచుతాం. అయితే విరిగిన చోటే వంచితే పలక మందం మేరకు రిబ్ పెద్దదవుతుంది. అందుకని ఒకటి రెండు రిబ్స్ అవతల, పడవ సన్నబడే వైపు వంచి, ఆరాక తెచ్చి లోపల కూర్చోబెడతాం. ఆ బద్ద నా అరచేతుల కింద విరక్కుండా లొంగిన మొదటిసారి నాకు ఇంకా గుర్తుంది. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, రెండో బద్ద తీసి నా చేతికిచ్చాడు.

మేకులు కొట్టేటప్పుడు లోపలి వైపు బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, బయట సుత్తి. మా అమ్మాయి పదేళ్లప్పటి నుంచీ దిమ్మ పట్టేది. మేకు మొన తిరిగినప్పుడు సుత్తి మోత మారుతుంది, ‘టక్’ అనేది ‘టుక్’ అవుతుంది. నాకంటే ముందు అది తనకే వినపడేది.

పాత రంగు గురించి జాగ్రత్త. ఆ రోజుల్లో రంగులోనూ ఫిల్లర్లోనూ సీసం ఉండేది. పొడిగా సాండ్‌పేపర్ పట్టి దుమ్ము లేపకండి, మంచి మాస్క్ లేకుండా ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి డబ్బాలో పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి.

కాన్వాస్ బిగించడానికి ఇద్దరు కావాలి. గుడ్డని నిలువునా మడిచి ఉయ్యాలలా కట్టి, ఒక చివర చెట్టుకి, ఇంకో చివర చేత్తో తిప్పి లాగే విన్చ్‌కి తగిలించి, అందులో పడవని కూర్చోబెట్టి లాగుతాం. మొదటిసారి నేనూ మా ఆవిడా ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే చీకటి పడింది. తర్వాత ఫిల్లర్, అంటే సిలికా పొడి, లిన్సీడ్ ఆయిల్, ఎనామెల్ కలిపిన ముద్ద. గుడ్డ నేత కనిపించకుండా అరచేత్తో గుండ్రంగా రుద్దాలి. అది ఆరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను పన్నెండో రోజునే రంగు వేసేశాను, సెలవులు అయిపోతాయన్న టెన్షన్‌లో. ఆగస్టుకల్లా ఎండిపోయిన చెరువు మట్టిలా పగుళ్లు వచ్చాయి. గుడ్డంతా చీల్చేసి మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచీ చేశాం. మీరు ఆ ఆరు వారాల్లో అంచు కర్రలకి వార్నిష్ వేసుకోండి, సీట్లు అల్లుకోండి, రంగు డబ్బా జోలికి మాత్రం వెళ్లకండి.

ఏళ్ల తరబడి సాగుతుందా అని అడిగారు. బాగుచేయడం ఒక్కటే అయితే నాకూ సాగేది కాదేమో. నీళ్ల మీదికి వెళ్లాలి. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేరు పక్కన. తాటి మాను తొలిచి చేసిన దోనెలో నిలబడి గెడ వేస్తూ మా తాతయ్య నన్ను లంకల మధ్య తిప్పేవాడు. నీటి వాసన, పడవ అంచు మీద చెయ్యేసి కూర్చోవడం, అవి ఒంట్లోనే ఉండిపోయాయి. ఇక్కడ పని వేరు. మోకాళ్ల మీద కూర్చుని, కాస్త ఒక పక్కకి ఒరిగి, ఒకే వైపు తెడ్డు వేస్తూ చివర్లో తెడ్డు మొహాన్ని బయటకి తిప్పాలి, లేకపోతే పడవ గుండ్రంగా తిరుగుతుంది. దాన్నే జె స్ట్రోక్ అంటారు. నాకు అది చేతికి ఎక్కడానికి రెండు వేసవులు పట్టింది. అల్యూమినియం పడవలో అల తగిలితే డబ్బా మోగినట్టు ఉంటుంది. చెక్క కెనూకి చప్పుడే లేదు. అల్గాన్‌క్విన్ పార్కులో ఒక తెల్లవారుజామున పొగమంచులో వెళ్తుంటే లూన్ పక్షి తెడ్డు అందేంత దూరంలో పైకి తేలి, నన్ను చూసి, తొందరేమీ లేకుండా మళ్లీ మునిగింది. అది మళ్లీ ఎక్కడ తేలుతుందోనని చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవని భుజాల మీద మోయాలి, 16 అడుగులది ముప్పై నాలుగు కిలోల దాకా ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆ బరువు నాకు తెలుస్తోంది, అయినా మోస్తున్నాను. మే నెలలో నీళ్లు మంచులా ఉంటాయి, లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎక్కకండి, ఈత వచ్చినా సరే.

కొనేముందు ఓ రోజు పీటర్‌బరోలోని కెనడియన్ కెనూ మ్యూజియానికి వెళ్లి రండి. 2024లో సరస్సు ఒడ్డున కొత్త భవనంలోకి మారింది, ఆరువందలకి పైగా పడవలున్నాయి. బెరడు పడవ పక్కన నిలబడి, తర్వాత కాన్వాస్ కెనూ లోపలికి తొంగి చూడండి.

షెడ్డుకి వెళ్లేటప్పుడు టార్చి, సన్నటి స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. రెండు కొసలవీ లోపలి నుంచి, పైనుంచి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. కొంటే మాత్రం ఇంటికి తెచ్చిన రోజే నేల మీద కాకుండా రెండు స్టాండ్ల మీద బోర్లించండి.