ఇల్లు మారుతున్నాం, ఇంట్లో ఒక్కరికీ నిద్ర లేదు

మాది ఒంగోలు. మావారికి నెల్లూరు బదిలీ అయింది. రెండు నెలలుగా వారమంతా అక్కడే ఉండి శనివారం రాత్రికి వస్తున్నారు. ఇంకో మూడు వారాల్లో, మే ఆఖరున, అందరం వెళ్లిపోవాలి. ఇక్కడి సొంత ఇల్లు అద్దెకిస్తున్నాం. అత్తయ్యకి 72 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. మామయ్య పోయింది ఈ ఇంట్లోనే. ‘నేను యాడికీ రాను, నన్నిక్కడే వదిలెయ్యండి’ అంటున్నారు. పాత సామాను ఒక్కటి కూడా తియ్యనివ్వరు. తొమ్మిదో తరగతికి వచ్చే మా పాప నాతో మాటలు తగ్గించేసింది. నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, చెయ్యాల్సినవన్నీ గుర్తొచ్చి గుండె దడదడలాడుతోంది. చిన్న మాటకే అందరి మీదా అరుస్తున్నాను. ‘ఇల్లు మారడమేగా, దీనికింత బాధేంది?’ అంటారు మావారు.
– ఒక సోదరి, ఒంగోలు

అమ్మా, మీ ఉత్తరంలో సామాను గురించి ఉన్నది ఒక్క వాక్యమే. మిగిలిందంతా ఎవరినీ అడక్కుండా తేలిపోయిన విషయాల గురించి. బదిలీ వచ్చింది, ఇల్లు చూశారు, తేదీ పెట్టారు. ఇందులో అత్తయ్యని అడిగింది లేదు, పాపని అడిగింది లేదు, మిమ్మల్ని కూడా అడిగినట్టు లేరు. పని మాత్రం మొత్తం మీ నెత్తిన పడింది. ఈ మూడు వారాల్లో అట్టపెట్టెల కంటే ముందు సర్దాల్సింది ఇదే.

ముందు అత్తయ్య సంగతి. ఆవిడతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. కోడలి నోటి నుంచి వస్తే అదే మాట ‘నన్ను ఇంట్లోంచి కదిలిస్తున్నారు’ అన్నట్టు వినపడుతుంది. ఈ ఆదివారం ఆయన ఫోను పక్కన పెట్టి, అమ్మ మంచం మీద కూచుని ఓ అరగంట మాట్లాడాలి. ‘అక్కడ బాగుంటుందమ్మా, అన్నీ దగ్గరే’ అంటూ ఒప్పించే మాటలు వద్దు. ‘నాన్న ఉన్న ఇల్లు వదలడం నీకు కష్టంగా ఉంది కదా’ అని అడిగి ఆగిపోవాలి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆ తర్వాతే నికరమైన విషయాలు చెప్పాలి: ఇల్లు అమ్మడం లేదు, అద్దెకొచ్చేది ఫలానావాళ్లు, ఫలానా నెలలో మళ్లీ వస్తాం. మామయ్యగారి తద్దినం ఎక్కడ పెడతారో అప్పుడే తేల్చెయ్యండి. చాలామంది పెద్దవాళ్లని లోపల తొలిచేది ఈ ప్రశ్నే, బయటికి మాత్రం అడగరు.

ఇక పాత సామాను. ‘ఇది పారేద్దామా, ఇది ఇచ్చేద్దామా’ అని ఒక్కో వస్తువూ పట్టుకుని అడిగితే ప్రతిదానికీ ‘వద్దు’ అనే అంటారు. ‘మీతో ఏవి రావాలత్తయ్యా?’ అని అడగండి. ఒక ట్రంకు పెట్టె ఆవిడకే ఇచ్చేయండి. అందులో ఏం పెట్టుకున్నా ఎవరూ మూత తియ్యకూడదు. ఇత్తడి గుండిగలు, రోలు లాంటి బరువైనవాటికి ఒంగోలు ఇంట్లోనే అటకో, చిన్న గదో తాళం వేసి ఉంచుకోవచ్చు. కాకపోతే ఆ గది అద్దెలోకి రాదని ఒప్పంద పత్రంలో రాయించండి. నోటిమాట మీద వదిలేస్తే ఆరు నెలలకి గొడవవుతుంది.

ఒక ప్రమాదం గురించి విడిగా చెప్పాలి. పెద్దవాళ్లు రాత్రి నిద్రలో లేచినప్పుడు కాళ్లు పాత ఇంటి లెక్కనే నడుస్తాయి. ఇక్కడ మంచం దిగి ఎడమకి నాలుగడుగులు వేస్తే బాత్రూం వస్తుందనుకోండి, నెల్లూరులోనూ ఎడమకే నడుస్తారు. అక్కడ గోడో, గడపో ఉంటే పడిపోతారు. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో కోలుకోవడం చాలా కష్టం. అందుకని కొత్త ఇంట్లో మంచం వేసేటప్పుడు బాత్రూం అదే పక్కకి వచ్చేలా చూడండి. కుదరకపోతే మొదటి రెండు వారాలు ఎవరో ఒకరు ఆవిడ గదిలోనే పడుకోండి. మంచం నుంచి బాత్రూం దాకా జీరో బల్బు వెలుగుతూ ఉండాలి. దారిలో అట్టపెట్టె ఒక్కటి కూడా ఉండకూడదు. బాత్రూంలో జారని రబ్బరు పట్టా వెయ్యండి, లోపలి గడియ పెట్టుకోవద్దని చెప్పండి.

కొత్త చోట మొదట్లో కాస్త తికమక పడడం మామూలే. కానీ ఉన్నట్టుండి మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, పగలంతా మగతగా ఉండటం, సంబంధం లేకుండా మాట్లాడటం లాంటివి కనిపిస్తే ఇల్లు మారిన దిగులని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, షుగరు పడిపోవడం వల్ల కూడా అలా జరుగుతుంది. అదే రోజు డాక్టరుకి చూపించండి.

పాపతో మాట్లాడేటప్పుడు ‘కొత్త ఫ్రెండ్స్ వస్తార్లే’ అనొద్దు. దాని బాధ ఉన్న ఫ్రెండ్స్ గురించి. బదిలీ మార్చలేమని నిజం చెప్పండి, అడక్కుండా తేల్చినందుకు తప్పు ఒప్పుకోండి. తర్వాత దాని చేతికి కొన్ని నిజమైన నిర్ణయాలు ఇవ్వండి: బల్ల ఏ కిటికీ దగ్గర వెయ్యాలి, ఏ సబ్జెక్టుకి ట్యూషన్ కావాలి, సైకిలు తీసుకెళ్లాలా వద్దా. ఒంగోలుకి ఎప్పుడొస్తారో తేదీ చెప్పి క్యాలెండర్లో రాయండి. రైల్లో రెండు గంటల లోపే కాబట్టి అది నిలబెట్టుకోగలిగిన మాటే. ‘అప్పుడప్పుడు వద్దాంలే’ అంటే నమ్మదు. మన రాష్ట్రంలో బళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఆ లోపు ఒక సాయంత్రం కొత్త బడి దాకా నడిపించి దారి, ఆటోలు ఆగే చోటు, పుస్తకాల కొట్టు చూపించండి. టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్లు కూడా ఇప్పుడే తీసుకోండి. రేపు పై చదువుల్లో స్థానికత చూపించడానికి అవే కావాలి, అప్పుడు మళ్లీ ఒంగోలు తిరగడం వృథా.

మీ మూడింటి మెలకువ సంగతికొద్దాం. రాసిపెట్టని పనిని మనసు రాత్రిళ్లు కాపలా కాస్తుంది. ఒక నోటుపుస్తకం తీసుకుని సాయంత్రం ఏడింటికి అరగంట కూచోండి. గుర్తొచ్చిన ప్రతి పనీ రాసి, పక్కన ఎవరు చెయ్యాలో పేరు, ఎప్పటికో తేదీ వెయ్యండి. పేరు లేని పని ఒక్కటి కూడా మిగలకూడదు. ఎనిమిది తర్వాత ఇల్లు మారే మాట ఎత్తొద్దని అందరూ అనుకోండి. రాత్రి మెలకువ వచ్చి ఏదైనా గుర్తొస్తే ఒక ముక్క రాసి పుస్తకం మూసెయ్యండి. పడగ్గదిని మాత్రం చివరి రెండు రోజుల దాకా సర్దొద్దు. అట్టపెట్టెల మధ్య పడుకుంటే నిద్ర పట్టదు.

మీవారి పేరు మీద రాయాల్సినవి చాలా ఉన్నాయి. ఆయన నెల్లూరులోనే ఉన్నారు కదా, అక్కడి పనులు అక్కడినుంచే తేలతాయి, ఒంగోలు పనులు ఇంటికొచ్చినప్పుడు చూసుకోవాలి. ఒంగోలు కరెంటు సీపీడీసీఎల్ కింద, నెల్లూరు ఎస్పీడీసీఎల్ కింద ఉన్నాయి కాబట్టి రెండు చోట్లా లెక్కలు విడిగా తేల్చుకోవాలి. రెండు మీటర్ల రీడింగునీ తేదీతో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఒంగోలు గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు అక్కడి ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్టు వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచరు ఇస్తారు. అది చూపిస్తే నెల్లూరు ఏజెన్సీ కనెక్షను ఇస్తుంది. సిలిండరుని సామాను లారీలో ఎక్కించొద్దు. కొత్త ఇంటి ప్రహరీ గోడ మీద నీటి చార ఉందేమో చూడమనండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు చుట్టుపక్కల చాలా కాలనీలు మునిగాయి. కింది అంతస్తు అయితే పక్కింటివాళ్లని అడిగి తెలుసుకోవాలి.

పాలు పొంగించడం, సామాను దించడం ఒకే రోజు పెట్టుకోకండి. సగం అలసట అక్కడే. మంచి రోజు చూసి ముందే అత్తయ్యని, పాపని తీసుకెళ్లి పాలు పొంగించి రండి. అత్తయ్య చేత్తోనే పొంగించండి. ఇల్లు ఒకసారి కళ్లతో చూశాక భయం సగం తగ్గుతుంది. అప్పటికి గ్యాసు ఉండదు కాబట్టి ఇండక్షన్ పొయ్యి పట్టుకెళ్తారు. దాని మీద ఇత్తడి, రాగి గిన్నెలు వేడెక్కవు. అడుగుకి అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె అయితేనే పనిచేస్తుంది. ఇంట్లోనే ఒకసారి నీళ్లు కాచి చూసుకుని బయల్దేరండి. ముహూర్తం వేళకి పొయ్యి వెలగలేదంటే ఆవిడ మనసులో అపశకునంగా నిలిచిపోతుంది.

సామాను వాళ్లని ఫోను మీద ధర అడక్కండి. ఇంటికొచ్చి చూసి కాగితం మీద రాసివ్వాలి. ఎక్కించడం, దించడం, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా లేదా, డ్రైవరు బేటా, అన్నీ అందులో ఉండాలి. తక్కువ చెప్పి దారిలో ఎక్కువ అడిగేవాళ్లు ఉన్నారు, అందుకే అడ్వాన్సు కొద్దిగానే ఇవ్వండి. రెండు పడగ్గదుల ఇంటికి నలభై, యాభై అట్టపెట్టెలు పడతాయి. పుస్తకాలు చిన్న పెట్టెల్లో పెట్టండి. ఒక్కోటి పదిహేను కిలోలు దాటితే అడుగు ఊడిపోతుంది. ఫ్రిజ్జు ముందురోజే ఆపి, కరిగిన నీళ్లు తుడిచి, నిలబెట్టే తీసుకెళ్లాలి. దించాక నాలుగు గంటలు ఆగి వెయ్యండి. పడుకోబెట్టారంటే కంప్రెసర్లోని నూనె గొట్టాల్లోకి జారుతుంది, అప్పుడు ఒక రోజంతా ఆగాలి. ఏసీని విప్పేముందు మెకానిక్కు గ్యాసుని బయటి యూనిట్లోకి లాగి బిగించాలి, ఊరికే విప్పేస్తే గ్యాసంతా పోతుంది.

బంగారం, దస్తావేజులు, సర్టిఫికెట్లు మీ చేతి సంచిలోనే ఉండాలి. ఇంకో సంచి మొదటి రాత్రికి: అందరి దుప్పట్లు, ఛార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, బకెట్టు, మగ్గు, సబ్బు, చీపురు, అగ్గిపెట్టె, కత్తి, స్క్రూడ్రైవరు. అత్తయ్య మందులు పది రోజులకి సరిపడా, చీటీలతో సహా, కారులో మీ ఒళ్లో ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే చల్లని సంచిలో పెట్టండి, ఐసుకి తగలనివ్వొద్దు. ఆరోజు వంటలు, లారీ, తాళాలు అంటూ భోజనం మూడింటికి జరిగితే షుగరు మాత్ర వేసుకున్న మనిషికి షుగరు పడిపోవచ్చు. అందుకని ఆవిడ మామూలుగా తినే వేళకే కారాపి అయినా అన్నం పెట్టండి. మే ఆఖరంటే రోహిణి కార్తె. తెల్లవారి ఆరింటికల్లా బయల్దేరితే దాదాపు 120 కిలోమీటర్లు ఎండ ముదరకముందే దాటేస్తారు.

ఈ ఏడు ఆవకాయ పెట్టేశారేమో. నిండు జాడీ ఎత్తితే కుదుపులకి నూనె కారుతుంది. జాడీలో ముప్పావు వంతు ఉంచి, మిగతాది వేరే సీసాలోకి తీసి, జాడీకి వాసెన గట్టిగా కట్టి, కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఇంకా పెట్టకపోతే మాత్రం ఆపండి. నెల్లూరు వెళ్లిన మొదటి వారంలో, జూన్ మొదట్లో కూడా కాయ దొరుకుతుంది. కారం, ఆవపిండి పాళ్లు అత్తయ్యని చెప్పమని, కాయ కొట్టించడం పాప చేత చేయించండి. కొత్త వంటింట్లో ఆవిడ అజమాయిషీ మొదటి రోజునుంచే ఉంటుంది.

చేరాక మొదటి రోజు మంచాలు, వంటిల్లు, బాత్రూం సర్దితే చాలు. మిగతా పెట్టెలు రోజుకి నాలుగు చొప్పున విప్పండి. ఒక్క రోజులో ముగించాలని పట్టుబడితే నడుం నొప్పి, దానివెనకే పోట్లాట వస్తాయి. మీవారికి చెప్పండి, చేరిన వారంలో రెండు రోజులైనా సెలవు పెట్టాలి. ఇందులో మొహమాటపడకండి.

నెల రోజులు దాటినా మీకు నిద్ర పట్టకపోయినా, పాప బడికి వెళ్లనని మొండికేసినా, తిండి మానేసినా డాక్టరుని కలవండి. ఇంట్లో ఎవరి నోటనైనా ‘బతకడం ఎందుకు’ అన్న మాట వస్తే నెల దాకా ఆగొద్దు. 14416కి ఫోను చెయ్యండి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, డబ్బులు తీసుకోరు, ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ ఫోనులో, పాప ఫోనులో ఇవాళే దాచుకోండి.