పేలుడుకు చప్పుడు తప్పనిసరా?

సందేహం: అంతరిక్ష యుద్ధ కథలో "10 మెగాటన్నుల బాంబు పేలింది. ఆ పేలుడు ధాటికి 100 కిలోమీటర్ల దూరంలోని శత్రునౌకలు దద్దరిల్లిపోయాయి" అని రాశాను. శూన్యంలో చప్పుడు ఉండదు కాబట్టి 'పేలుడు' తప్పు, 'విస్ఫోటనం' అనాలని మిత్రులొకరు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: 'పేలింది' అన్న మాటను ఉంచుకోండి. పేలడానికి అసలు అర్థం లోపలి ఒత్తిడికి పగిలి విచ్చుకోవడం. మంగలంలో జొన్నలు వేయిస్తే గింజలోని తేమ ఆవిరవుతుంది. పైపొట్టు ఆపలేక విచ్చుకుంటుంది. అవే పేలాలు. ఎండాకాలం వీపు మీద చెమటకాయలు పేలతాయి, వాటికి చప్పుడే లేదు. తుపాకీ, టపాకాయల వాడుక వల్ల చప్పుడు ఈ మాటకు తోడైందంతే.

'విస్ఫోటనం'లోని 'స్ఫుట్' ధాతువుకూ విచ్చుకోవడం, పగలడం అనే అర్థం. మశూచిని స్ఫోటకం అన్నది అందుకే. పైగా వ్యాకరణ పండితులు పతంజలి, భర్తృహరి చర్చించిన స్ఫోటం శబ్దతత్త్వమే! చప్పుడుకు దూరంగా పోదామని ఎంచుకున్న మాట చప్పుడు దగ్గరికే చేరింది. వార్తాభాషలో విస్ఫోటనం నిలిచింది, తప్పు పట్టను. కథకు పేలుడే బలం.

దిద్దవలసినవి 'ధాటికి', 'దద్దరిల్లిపోయాయి'. నేల మీద అణుబాంబు పేలితే దాని ఎక్స్ కిరణాలను చుట్టూ ఉన్న గాలి పీల్చుకుని అగ్నిగోళమవుతుంది. ఆ గాలే కెరటమై గోడలు కూలుస్తుంది. శూన్యంలో గాలి లేదు కనుక కెరటమూ లేదు, పుట్టగొడుగు మేఘమూ లేదు. శక్తిలో ఎక్కువ భాగం ఎక్స్ కిరణాలుగానే పోతుంది. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేల్చింది. సుమారు 1,450 కిలోమీటర్ల దూరాన హవాయిలో వీధిదీపాలు ఆరాయి. ఆర్పింది గాలి కాదు, తీగల్లో ఒక్కసారిగా కరెంటు పుట్టించే విద్యుదయస్కాంత తాకిడి.

దూరం రెట్టింపైతే తాకే శక్తి నాలుగో వంతవుతుంది. మీ బాంబు శక్తినంతా లెక్కలో వేసుకున్నా, 100 కిలోమీటర్ల దగ్గర చదరపు మీటరుకు అందేది సుమారు 3.3 లక్షల జౌళ్లు. భూమి దగ్గర అంతరిక్షంలో నాలుగు నిమిషాల ఎండ అంత, కాకపోతే ఒక్కసారిగా. కెమెరాలు, సౌరఫలకాలు పాడవవచ్చు. నౌక ముక్కలు కాదు. అదే కిలోమీటరు దూరంలో అయితే 28 రోజుల ఎండ రెప్పపాటులో పడినట్టు. లోహపు పైపొర ఆవిరై ఎగజిమ్ముతుంది, ఆ విసురు నౌకను వెనక్కి తంతుంది.

దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: సెగ. పొయ్యిని ముట్టుకోకపోయినా సెగ తగులుతుంది. ధాటి అంటే గాలో నీరో ఉరికి వచ్చినట్టు తోస్తుంది. సెగకు ఆ చిక్కు లేదు.

'దద్దరిల్లు' కూడా పూర్తిగా వదలనక్కర్లేదు. ఆ విసురు లోహంలో పాకుతుంది కనుక నౌక లోపల ఉన్నవారి చెవితో చెబితే సరిపోతుంది. దూరం తగ్గించి ఇలా రాసి చూడండి: "బాంబు చప్పుడు లేకుండా పేలింది. కిలోమీటరు దూరంలోని నౌక పైపొర ఆ సెగకు ఆవిరైపోయింది. మరుక్షణం లోపలి గోడలు దద్దరిల్లాయి."